చిన్ కొండల ఊళ్లు, కలే ఏజెంటు, ఆ దిక్కుమాలిన లాడ్జి

ముందే చెప్తున్నా, ఈ రాతలో కాస్త కారం ఎక్కువే ఉంటుంది. మయన్మార్‌లో, మన మిజోరంకి ఆనుకుని ఉన్న చిన్ కొండల గురించి తెలుగులో ఎవరూ పెద్దగా రాయలేదు, నువ్వన్నా రాయవే అని మా స్నేహితురాళ్లు చాన్నాళ్లుగా అడుగుతున్నారు. కానీ రాద్దామని కూర్చున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కొండలూ కాదు, పొద్దున్నే లోయల్లో నిండే మబ్బూ కాదు. ఒక లాడ్జి ఓనరు ఒక్క రాత్రికి మా ముగ్గురి ముందు పెట్టిన 1,24,000 క్యాట్ల బిల్లు. అప్పటి రేటుకి రూపాయికి ఇరవై క్యాట్ల చిల్లర, అంటే మన డబ్బులో దాదాపు ఆరువేలు. ఆ బిల్లు సంగతి తర్వాత వివరంగా చెప్తాను, వదిలిపెట్టేది లేదు.

ఇంకోమాట. మేం వెళ్లింది 2020 జనవరిలో. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడ పరిస్థితి మొత్తం మారిపోయింది. చిన్ రాష్ట్ర రాజధాని హాఖా పక్కనే ఉండే థాంట్లాంగ్ పట్టణాన్ని అదే ఏడాది చివర్లో తగలబెట్టేశారు, వేలమంది సరిహద్దు దాటి మిజోరం వచ్చి తలదాచుకున్నారు. కాబట్టి ఇది చదివి ఎవరూ బ్యాగులు సర్దుకోవద్దు. ధరలన్నీ అప్పటివి. చివర్లో మన వైపు నుంచే చూడగలిగినవి కొన్ని చెప్తాను, అవి మాత్రం పనికొస్తాయి.

అసలు అంత దూరం ఎందుకు వెళ్లామంటే, మా ఆయన ఉద్యోగం ఐజ్వాల్‌లో ఉన్న రోజుల్లో ఏ మిజో ఇంటికి భోజనానికి వెళ్లినా ఒకటే కథ. మా తాతముత్తాతలు సరిహద్దులోని తియావు నది అవతలి నుంచి వచ్చారు, ముందు ఫలానా కొండ మీద ఉన్నారు, అక్కడ కరువొచ్చి ఫలానా కొండకి మారారు, అంటూ ఊళ్ల పేర్లు వరసగా చెప్పేవాళ్లు. మనం గోత్రాలు చెప్పుకుంటాం, వీళ్లు ఊళ్లు చెప్పుకుంటారు. ఆ ఊళ్లలో చాలా భాగం ఇప్పటి చిన్ రాష్ట్రంలో ఉన్నాయి. అవి ఎలా పుట్టాయి, ఎవరు కట్టారు, ఎందుకు వదిలేశారు అన్నది అక్కడి మనుషుల నోటే వినాలని నా కోరిక. మా ఆయనకి అంత కోరికేం లేదు, ఫొటోలు బాగా వస్తాయంటే బయల్దేరాడు. మూడో మనిషి మా మావయ్య, అమ్మ తమ్ముడు. పుట్టింది రంగూన్‌లో. 1960ల్లో దుకాణాలన్నీ సర్కారు లాగేసుకున్నాక ఓడెక్కి విశాఖ వచ్చి, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో పెరిగాడు. డెబ్బై ఏళ్ల మనిషి, బర్మీస్ తుప్పు పట్టినా బేరమాడటానికీ పోట్లాడటానికీ సరిపోతుంది. నేను రంగూన్ చూపిస్తాననుకుని వచ్చాడు పాపం, దారంతా "ఈ కొండలేంటే అమ్మాయ్, కొండలు మన అరకులో లేవూ" అని సణుగుడే.

ఇంఫాల్ నుంచి మోరే, అక్కడ సరిహద్దు దాటి తమూ. ఈ-వీసా మనిషికి 50 డాలర్లు. మణిపూర్‌కి కూడా సరిగ్గా ఆ నెల ఒకటో తారీఖు నుంచే ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాల వాళ్లు లోపలికి రావడానికి తీసుకునే అనుమతి, పెట్టారు, అదొక లైను. ఆ రోజంతా ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. తమూ నుంచి, చిన్ కొండల అడుగునున్న కలే పట్టణానికి వెళ్లే రోడ్డు మన బోర్డర్ రోడ్స్ వాళ్లు వేసిందే, 2001లో తెరిచారు. అప్పుడు రోడ్డు బాగుంది గానీ వంతెనలు మాత్రం పాతకాలపు ఇనప వంతెనలు, ఒకసారి ఒకే బండి. డజన్ల కొద్దీ తగిలాయి.

ఆ దారిలో ఖంపాట్ అని ఒక ఊరు తగులుతుంది. బస్సులు టీ తాగడానికి ఆగి వెళ్లిపోయేవి, మేం మాత్రం దిగాం. మిజోలు, చిన్‌లలో కొన్ని తెగలు కొండలెక్కక ముందు ఈ కబావ్ లోయలోనే ఉండేవాళ్లట. ఖంపాట్ వదిలి వెళ్తూ ఒక మర్రి మొక్క నాటి, దీని ఊడలు నేలను తాకిన రోజున మన పిల్లలు మళ్లీ ఇక్కడికి వస్తారు అని ఒట్టు పెట్టుకున్నారని కథ. నిజంగానే తర్వాతి రోజుల్లో చాలా మిజో కుటుంబాలు తిరిగొచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నాయి. లోయ ఎందుకు వదిలారంటే, 14వ శతాబ్దం చివర్లో కలేలో షాన్ రాజు కోట కట్టిస్తూ వీళ్ల చేత వెట్టిచాకిరీ చేయించాడట, భరించలేక కొండల్లోకి పోయారట. చిన్ కొండల్లో ఏ తెగ వాళ్లని కదిపినా ఏదో ఒక రూపంలో ఈ మాట వస్తుంది. మా ఆయన మర్రిచెట్టు ఫొటోలు తీసుకుంటుంటే మావయ్య అక్కడ కూర్చున్న ముసలాయనతో బర్మీస్‌లో మాట కలిపాడు. ప్రయాణం మొత్తంలో ఆయన మొహం మొదటిసారి వెలిగింది అక్కడే. కోరింగీ వాళ్లా మీరు అని అడిగాడట ఆ ముసలాయన. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లకి బర్మాలో ఆ పేరే పడింది. దాన్ని ఎగతాళిగా అనేవాళ్లూ ఉన్నారు, ఈయన మాత్రం ఆప్యాయంగానే అన్నాడని మావయ్య తీర్మానం.

ఇక కలే. ఇక్కడే మా మీద శని మొదలైంది. కలే నుంచి కొండల మీది తెడిమ్ ఊరికి షేర్ వ్యాన్‌లో సీటు అప్పుడు 10,000 క్యాట్లు, ఎవరైనా ఎక్కొచ్చు. కానీ మావయ్యని అలాంటి వ్యాన్లో ఆ మలుపుల మీద కుక్కి తీసుకెళ్లలేం కదా అని ఒక ట్రావెల్ ఏజెంటుని పట్టుకున్నాం. జీపు, డ్రైవరు, "పాత ఊళ్ల చరిత్ర తెలిసిన గైడు", అన్నీ కలిపి 7,50,000 క్యాట్లు. అంటే ముప్ఫయ్యారు వేల రూపాయల పైన. మావయ్య బర్మీస్‌లో బేరమాడితే ఒక్క క్యాట్ తగ్గలేదు, పైగా అందులో సగం అడ్వాన్సు. వచ్చిన గైడు మాండలే కుర్రాడు. చిన్ భాషల్లో ఒక్క ముక్క రాదు. ఆ కొండల్లో లోయ మారితే భాష మారుతుంది, వాడికి మాత్రం అన్నిటికీ ఒకటే మాట, "వ్యూ పాయింట్, ఫొటో". జీపు నడిపినతను మాత్రం తెడిమ్ వైపున్న సియిన్ లోయ కుర్రాడే, పాతికేళ్లుంటాయేమో, వాడి జీతం గైడు జీతంలో సగం కూడా లేదని తర్వాత తెలిసింది. ఎవరైనా రేపెప్పుడో వెళ్లే రోజు వస్తే, గైడుని వద్దని చెప్పి ఆ డబ్బు డ్రైవరుకివ్వండి. ఇది నా గట్టి సలహా.

తెడిమ్ వెళ్లే దారి కెనడీ పీక్ పక్కనుంచి వెళ్తుంది. శిఖరం 2,700 మీటర్ల పైనే. రొడోడెండ్రాన్లు అప్పుడే ఎర్రగా పూస్తున్నాయి, చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. 1944లో జపాన్ సైన్యానికీ మన ఇండియన్ డివిజన్లకీ ఈ రోడ్డు మీదే భీకరమైన యుద్ధం జరిగింది. గైడుకి తెలిసిన చరిత్ర అదొక్కటే, అదీ ఫోన్లో చూసి చదివాడు.

తెడిమ్ శుభ్రమైన ఊరు. కొండ అంచు మీద వరసగా రేకుల ఇళ్లు, ఎటు చూసినా చర్చి. 19వ శతాబ్దంలో కామ్ హావు అనే సుక్తే తెగ నాయకుడు ముల్బెమ్ ఊళ్లో ఉన్న తండ్రి దగ్గర నుంచి వేరుపడి ఇక్కడికి వచ్చి కూర్చున్నాకే ఇది పెద్ద ఊరైంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన చెప్పుచేతల్లోకి వచ్చి, ఎవరు ఏ జంతువుని కొట్టినా ఒక కాలు నాయకుడి ఇంటికి పంపాల్సిందే. సొంతంగా లిపి కనిపెట్టి కొత్త మతం పెట్టిన పావ్ చిన్ హావు కూడా ఈ ప్రాంతం మనిషే, ఆ లిపి ఇప్పుడు యూనికోడ్‌లో కూడా ఉంది. తిండి, గది ఇక్కడ ఫరవాలేదు, రాయడానికేం లేదు.

నాకు చూడాలని ఉన్నది చిమ్నువాయ్. తెడిమ్‌కి దగ్గర్లోనే, సైజాంగ్ ఊరి పక్కన. తెడిమ్ వైపు తెగలన్నిటికీ అది మూలస్థానం. అందరూ మొదట్లో అక్కడే కలిసి ఉండి, జనం పెరిగి పోడు భూమి చాలక ఒక్కో వంశం ఒక్కో కొండకి చీలిపోయిందని చెప్తారు. మన గైడుగారు అక్కడికి తీసుకెళ్లి జీపు ఆపి, "ఇదే, ఫొటో తీసుకోండి" అన్నాడు. ఎవరు ముందు వెళ్లారు, ఏ వైపు వెళ్లారు అని అడిగితే పళ్లికిలించాడు. అక్కడ చూడ్డానికి కోటలూ గోడలూ ఏం ఉండవు. చెప్పే మనిషి లేకపోతే అది ఉత్త కొండవాలు. మా ఆయనకి అప్పుడు కోపం వచ్చింది. మామూలుగా ఆయనకి డబ్బు పోతే రాదు, టైం పోతే వస్తుంది. నేను చూసి చూసి డ్రైవరుని, "తమ్ముడూ, మీ ఊళ్లో ఇవన్నీ తెలిసిన పెద్దవాళ్లెవరూ లేరా" అని మావయ్య చేత అడిగించాను. వాడు కాసేపు గైడు వైపు చూసి, మా తాత ఉన్నాడు అన్నాడు.

మరుసటి రోజు సియిన్ లోయలోని వాళ్ల ఊరు. ఈ ఒక్క పూట కోసం మొత్తం ఖర్చు దండగ కాలేదనిపించింది. తాత రిటైరైన స్కూలు మాస్టారు. మోకాలి నొప్పి ఉన్నా కర్ర పట్టుకుని మమ్మల్ని ఊరు పైనున్న శిఖరానికి ఎక్కించాడు. ఎందుకంటే అసలు ఊరు ఉండేది అక్కడ. ఇప్పుడు అక్కడ ఉన్నవి పొదలు, మధ్యమధ్యలో చదును చేసిన మెట్లు. ఒక్కో చదును ఒక్కో ఇంటి అరుగు. "ఇది మా నాన్న తాతది, ఇది వాళ్ల తమ్ముడిది, వీళ్లిద్దరికీ మాటల్లేవు" అంటూ కర్రతో చూపించాడు. శిఖరం మీద ఎందుకు కట్టుకున్నారంటే, పక్క తెగ వాళ్లు రాత్రిళ్లు వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయే రోజులవి. చుట్టూ ముళ్ల కంచె, లోపలికి ఒకే ఇరుకు దారి. నీళ్లు పైకొండ ఊట నుంచి వెదురు గొట్టాల్లో తెచ్చుకునేవాళ్లు. ఊట లేని శిఖరం ఎంత భద్రమైనదైనా వదిలేయాల్సిందే. ఊరి రక్షక దేవతకి ఒక చెట్టో బండో కేటాయించి బలి ఇచ్చేవాళ్లు. మొదటి బలి ఎవరిచ్చారో వాళ్ల వంశమే ఆ ఊరికి పెద్దరికం.

ఐజ్వాల్‌లో నేను విన్న ఒక పద్ధతి ఆయన్ని అడిగాను. కొత్త ఊరికి చోటు ఎంచుకునేటప్పుడు పెద్దలు ఒక కోడిపుంజుని తీసుకెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకునేవాళ్లు, తెల్లారకముందే అది గట్టిగా కూస్తే చోటు మంచిది, కూయకపోతే మూట సర్దుకోవడమే. మిజో వైపు ఇది అందరికీ తెలిసిన కథ. మాస్టారు నవ్వి, కోడి కూసినా మా పెద్దలు కలల్ని కూడా చూసుకునేవాళ్లు అన్నాడు. మావయ్యకి ఇది తెగ నచ్చింది.

ఆ శిఖరం నుంచి ఊరు కిందికి ఎలా వచ్చిందన్నది వేరే కథ. 1888-89లో బ్రిటిష్ వాళ్లు ఈ లోయ మీదికి వచ్చారు. 1889 మే 4న ఇక్కడి ఒక ఊరి మీద దాడిలో లెకేన్ అనే సైనిక డాక్టరుకి బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం, విక్టోరియా క్రాస్, వచ్చింది, ఆయన గురించి ఎక్కడ వెతికినా దొరుకుతుంది. ఆ రోజు ఆ కంచెల వెనక ఎవరెవరు ఉన్నారో మాత్రం ఇలాంటి మాస్టార్లే చెప్పాలి. లోయలో ఫోర్ట్ వైట్ అని కోట కట్టారు, జనరల్ వైట్ పేరు మీద. 1892లో సియిన్‌లు తిరగబడితే ఊళ్లు తగలబెట్టి, ధాన్యం నాశనం చేసి, తుపాకులు లాక్కున్నారు. శిఖరాల మీద ఉంటే అదుపు చెయ్యడం కష్టమని చాలా ఊళ్లని కదిలించారు. తర్వాత రోడ్డు పడింది, రోడ్డు కోసం ఊరు మళ్లీ కాస్త కిందికి జరిగింది. అంటే ఒకే పేరున్న ఊరు, మూడు చోట్ల. మ్యాపులో చూపించేది చివరిది మాత్రమే. ఇదంతా ఎలా గుర్తుంచుకుంటారు మీరు అంటే ఆయన వంశక్రమం చదవడం మొదలుపెట్టాడు. చిమ్నువాయ్ నుంచి వచ్చిన నే నో అనే మూలపురుషుడి దగ్గర మొదలై, ఎక్కడా ఆగకుండా, తడుముకోకుండా, మనవడి దాకా. అక్కడ మనవడికి పేరు పెట్టేటప్పుడు తాత పేరులోని చివరి ముక్కని మొదటి ముక్కగా పెడతారు, అలా ఒక పేరుకి ఇంకో పేరు గొలుసులా అందుతుంది, అందుకే మర్చిపోరు. జీపు నడిపే కుర్రాడు సిగ్గుపడుతూ తన పేరు దగ్గరికి రాగానే తల వంచుకున్నాడు. మా గైడు ఆ టైంలో కింద జీపులో నిద్రపోతున్నాడు.

దిగి వస్తుంటే దారి పక్కన స్మారక శిల ఒకటి ఆపి చూపించాడు. నా భుజం ఎత్తుంటుంది. మాస్టారు గోటితో పాచి గీకుతూ ఉంటే ఒక్కో బొమ్మ బయటపడింది. బొటనవేలంత మిథున్ తలలు వరసగా (మిథున్ అంటే ఈ కొండల్లో పెంచే పెద్ద కొమ్ముల పశువు), ఎవరి గుర్తుగా రాయి నిలిపారో ఆ మనిషి విందుల్లో కోసినవన్నీ, కింద తుపాకి, దాని పక్కన రెండు కొమ్ముల జింక, ఒక మూల టోపీ పెట్టుకున్న మనిషి. ఆ టోపీ ఏంటంటే, ఈయన 1917లో ఫ్రాన్స్ వెళ్లిన లేబర్ కోర్‌లో మనిషట. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కొండల నుంచి మూటలు మొయ్యడానికి మనుషుల్ని ఓడల్లో ఫ్రాన్స్ పంపారు. హాఖా వైపు వాళ్లు మేం రామని తిరగబడ్డారు, ఆ పోరాటం 1919 దాకా సాగింది. విందులు చెయ్యడం ఇక్కడ ఊరికే గొప్పకి కాదు. ఎన్ని మిథున్లు కోసి ఎంతమందికి పెట్టాడన్నదాన్ని బట్టి ఊళ్లో మనిషి స్థాయి, చచ్చాక రాయి ఎత్తు.

భోజనం వాళ్ల ఇంట్లోనే. సబుతీ అని, పొట్టు తీసిన మొక్కజొన్న గింజల్ని మాంసంతో, చిక్కుడు గింజలతో కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. మామూలుగా గొడ్డు మాంసంతో చేస్తారు. మేం తినమని కుర్రాడు ముందే ఫోన్ చేసి చెప్పాడట, పంది మాంసంతో చేశారు. ఉప్పు తప్ప మసాలా ఏం లేదు, పక్కన దంచిన పచ్చిమిరపకాయల కారం. వంటింట్లో పొయ్యి మీద వేలాడే వెదురు అటక, దాని మీద పొగకి నల్లబడ్డ మాంసం ముక్కలు, విత్తనాల కోసం దాచిన మొక్కజొన్న పొత్తులు. అన్నం లేనిదే ముద్ద దిగని మావయ్య రెండు గిన్నెలు తాగాడు. మాస్టారు డబ్బు తీసుకోలేదు, బలవంతం చేస్తే చర్చి డబ్బాలో వెయ్యమన్నాడు, 20,000 క్యాట్లు వేశాం. పిల్లలకి చేతిలో డబ్బు పెట్టొద్దని ఆయన భార్య మరీ మరీ చెప్పింది, అలవాటు పడతారట. రాత్రికి ఉండిపొమ్మన్నారు కానీ అక్కడ విదేశీయులు లైసెన్సున్న లాడ్జిలోనే పడుకోవాలి, ఇళ్లల్లో ఉంచుకుంటే ఇంటివాళ్లకి కేసు. ఈ రూలు వల్లే ఆ లాడ్జివాడు అలా తయారయ్యాడు.

ఏ ఊరో చెప్పను, చెప్తే ఎవరిదో తెలిసిపోతుంది. హాఖా వైపు వెళ్లే దారిలో ఒక ఊరు, విదేశీయుల లైసెన్సున్నది మాకు దొరికింది అదొక్కటే. ఏజెంటు ముందే మాట్లాడిపెట్టాను అన్నాడు, నిజమే, కమీషన్ మాట్లాడుకున్నాడు. మా కళ్ల ముందే కలే నుంచి వచ్చిన లారీ డ్రైవరు పక్క గది 12,000కి తీసుకున్నాడు, మాకు అదే సైజు గది 45,000, రెండు గదులు. కిటికీ తలుపుకి గడియ లేదు, తాడు కట్టి ఉంది. దుప్పటి చెమ్మ వాసన, విప్పితే అందులోంచి ఎవరిదో మేజోడు పడింది. బాత్రూం బయట, నీళ్లు డ్రమ్ములో, మంచుగడ్డలా. వేడినీళ్లు బకెట్‌కి 1,000, అదీ పావు బకెట్టే. కరెంటు లేదు, జనరేటరు ఆరింటికి వేసి ఎనిమిదిన్నరకి ఆపేశాడు, ఆపేటప్పుడు మావయ్య బాత్రూంలో ఉన్నాడు. ఆ చీకట్లో ఆయన తెలుగులో తిట్టిన తిట్లు రాయలేను గానీ ఆ కొండల్లో అంత స్వచ్ఛమైన ఉత్తరాంధ్ర అంతకుముందు ఎవరూ విని ఉండరు.

తర్వాత ఇమిగ్రేషన్ ఉద్యోగి వచ్చాడు పాస్‌పోర్టులు రాసుకోవడానికి. చిన్న కుర్రాడు, చాలా మర్యాదగా మాట్లాడాడు. మావయ్య బర్మీస్ విని ఆశ్చర్యపోయి అరగంట కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ, దీనికి ఫీజేమీ లేదండీ అని తనంతట తానే చెప్పాడు. పొద్దున బిల్లు చూస్తే: గదులు 90,000, వేడినీళ్లు నాలుగు బకెట్లు 4,000, జనరేటరు 6,000, ముగ్గురికి చల్లారిన ఫ్రైడ్ రైస్ 9,000, "విదేశీయుల రిజిస్ట్రేషన్" మనిషికి 5,000 చొప్పున 15,000. మావయ్య అడిగితే ఓనరుకి హఠాత్తుగా బర్మీస్ మర్చిపోయింది. ముందురోజు సాయంత్రం ఫోన్లో గంటసేపు బర్మీస్‌లోనే మాట్లాడినవాడు. మా ఆయన, పోనీలే ఇచ్చేద్దాం, లేటవుతోంది అంటాడు. నేను ససేమిరా అన్నాను. రాత్రొచ్చిన కుర్రాణ్ని పిలుస్తాను అని మావయ్య కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నాక ఆ 15,000 కొట్టేశాడు. 1,09,000 కట్టి బయటపడ్డాం. జీపెక్కాక మావయ్య, "ఈ లాడ్జి కట్టేముందు కోడిపుంజుని పడుకోబెట్టుంటే అది తెల్లారకముందే పారిపోయుండేది" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు, అంతవరకూ ఆయన మొహం చూడలేకపోయాం.

హాఖా గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. రాష్ట్ర రాజధాని, 1,800 మీటర్ల ఎత్తు, రుంగ్ కొండ కింద, చూడ్డానికి బాగానే ఉంది, కానీ అక్కడ పెట్టే రోజుల్ని సియిన్ లోయలో పెట్టండి. 1899 మార్చిలో ఇక్కడికొచ్చిన కార్సన్ దంపతులు చిన్ కొండల్లో మొదటి అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు. భర్త 1908లో ఇక్కడే పోయాడు. ఇక్కడి డబ్బున్న వంశాలు ఖువాంగ్ చోయ్ అనే పెద్ద విందు చేసేవాళ్లు, ఇంటి ఇల్లాలిని పల్లకీలాంటి మంచె మీద ఎక్కించి ఊరంతా భుజాల మీద ఎత్తేవాళ్లు. నాకైతే ఇక్కడ గుర్తున్నది కొండచరియలు విరిగిపడిన మచ్చలు. 2015 జులై తుపాను వానలకి హాఖాలో కొండలు జారి ఇళ్లకి ఇళ్లు పోయాయి, జనాన్ని వేరేచోటికి తరలించి కొత్త వాడలు కట్టారు. వందేళ్ల కింద ఊరి పెద్దలు చేసిన పనే, ఈసారి సర్కారు చేసింది. కొత్త వాడలో ఇళ్లన్నీ ఒకే కొలత, ఒకే రంగు. పాత ఊరి పేరు ఎవరూ వదల్లేదని టీ కొట్టు ఆవిడ చెప్పింది, వాడకి నంబరున్నా వాళ్లు ఆ నంబరు వాడరట.

ఫలామ్ నాకు బాగా నచ్చింది. మణిపూర్ నదికి ఎత్తున, వాలు మీద, ఇళ్ల మధ్య మెట్లే మెట్లు. మావయ్య మోకాళ్లు పట్టేసి కిందే ఉండిపోయాడు. ఈ వైపు వాళ్లకి మూలస్థానం లైలున్ గుహ, సుంథ్లా ఊరి దగ్గర, అందులోంచే తమ పూర్వీకులు బయటికొచ్చారని అంటారు. ఫలామ్ వైపు త్లాయ్‌సున్ తెగ వాళ్లు ఒకే నాయకుడి కింద కాకుండా పెద్దల మండలితో నడుచుకునేవాళ్లు, తెడిమ్‌లో కామ్ హావు వంశం పెత్తనం చూసొచ్చాక ఆ తేడా భలే అనిపించింది. నాయకుల రాజ్యం ముగిసింది కూడా ఇక్కడే. 1947 ఫిబ్రవరి 12న, రాబోయే స్వతంత్ర బర్మాలో కొండజాతులు కలవడానికి ఒప్పుకున్న పాంగ్‌లాంగ్ ఒప్పందం మీద ఫలామ్, తెడిమ్, హాఖా తరఫున ముగ్గురు సంతకాలు పెట్టారు. ఏడాది తిరిగాక, 1948 ఫిబ్రవరి 20న, ఇదే ఊళ్లో జనం సమావేశమై వంశపారంపర్య నాయకత్వం మాకొద్దు అని తేల్చేశారు. అదే ఇప్పటికీ చిన్ జాతీయ దినం. మంచి గెస్ట్‌హౌస్, గది 25,000, వేడినీళ్లకి డబ్బడగలేదు, నేను రెండుసార్లు అడిగి మరీ నిర్ధారించుకున్నా.

ఫలామ్ నుంచి సరిహద్దు ఊరు రిఖోదార్‌కి వెళ్లే రోడ్డు ఒళ్లు హూనం చేసింది. గైడుని ఫలామ్‌లోనే దించేశాం, ఎవరికీ బాధ కలగలేదు. సరిహద్దుకి కాస్త ముందు రిహ్ దిల్ సరస్సు. చనిపోయినవాళ్ల ఆత్మలు పరలోకంలో ఉన్న ఊరికి వెళ్తూ ఈ నీళ్ల మీదుగానే పోతాయని మిజోల పాత నమ్మకం. మిజోలకి ఇంత ముఖ్యమైన సరస్సు మిజోరంలో లేదు, గీత అవతలుంది. టికెట్టు నామమాత్రం, చుట్టూ దుకాణాలు, మైకులో పాటలు. మా ఆయన నిరాశపడ్డాడు, నేను పడలేదు. ఏజెంటు మిగతా సగం డబ్బు కోసం డ్రైవరు ఫోన్‌కి చేస్తూనే ఉన్నాడు. గైడు రోజుల డబ్బు తగ్గించి, ఆ తగ్గించినది డ్రైవరు చేతిలో పెట్టాం, మిగతాది పంపాం. ఏజెంటు మావయ్యని ఫోన్లో ఏదో అన్నాడు, మావయ్య ఇంకేదో అన్నాడు, లెక్క తీరింది.

వంతెన దాటితే మన వైపు ఊరు జోఖోథార్. మిజోరంలోకి అడుగు పెట్టాలంటే మనకి కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ముందే తీసి ఉంచుకోండి, అక్కడికెళ్లి చూద్దాం అనుకోవద్దు. అక్కడికి దగ్గరి పట్టణం చంఫాయ్ నుంచి ఐజ్వాల్‌కి సుమోలో సీటు అప్పుడు 600 రూపాయలు, ముందు సీటు కావాలంటే ముందురోజే చెప్పుకోవాలి.

ఇప్పటి సంగతి. అవతలి వైపు వెళ్లే దారి లేదు కాబట్టి ఈ ఊళ్ల కథ మీద ఆసక్తి ఉన్నవాళ్లు చంఫాయ్‌లో రెండు రోజులు ఉండండి. వాంగ్‌ఛియాలో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న పాత శిలలు ఉన్నాయి, మాస్టారు గోటితో గీకి చూపించిన బొమ్మల్లాంటివే, మిథున్ తలలు, మనుషులు, జింకలు. జోతే ఊళ్లో, హ్మార్ తెగ పండగ పేరున్న సిక్‌పుయ్ రాయి చూడండి. పొద్దున వెళ్లండి, మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే చెక్కుళ్లు కనపడవు. టాక్సీకి చంఫాయ్‌లోనే బేరమాడుకోండి, ఐజ్వాల్ నుంచి ప్యాకేజీ అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. జోఖోథార్ వైపు శరణార్థుల శిబిరాలకి వెళ్లి ఫొటోలు తీసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఇవ్వదలచుకున్నది ఏదైనా ఉంటే అక్కడి చర్చి కమిటీలకి ఇవ్వండి. మా డ్రైవరు కుర్రాడు ఇప్పుడు ఐజ్వాల్‌లో ఉన్నాడు, టాక్సీ నడుపుతున్నాడు. తాత మాత్రం ఊరు వదలనన్నాడట.